బావ ఉతికిన మాస్కులు

లాక్‌డౌన్‌లో నేను విదేశంలో, అత్లోన్ అనే ఊళ్లో అక్కావాళ్లింట్లో ఇరుక్కుపోయాను. మా బావ మందుల ఫ్యాక్టరీలో ఇంజినీరు. నోరు తెరిస్తే శ్రీరంగనీతులే. వాకింగ్‌కి వెళ్లినప్పుడు షానన్ నది ఒడ్డున నీలం మాస్కు ఒకటి కనబడితే చాలు, "చూశావా, వీళ్లకి బొత్తిగా సివిక్ సెన్స్ లేదు!" అని మొదలుపెట్టేవాడు.

తను మాత్రం ఒక్క మాస్కూ పారేసేవాడు కాదు. ఒకసారి వాడి పడెయ్యాల్సినవాటిని వాషింగ్ మెషీన్‌లో ఉతికి మళ్లీ తగిలించుకునేవాడు. అవి నూలువి కావు, ప్లాస్టిక్ పోగులని చెప్తే, "ఇంజినీర్ని, నాకు చెప్తావా?" అన్నాడు.

ఓ ఆదివారం మెషీన్ ఫిల్టర్‌లో పేరుకున్న నీలం పీచునంతా సింకులో కడిగేశాడు. ఆ డ్రైనేజీ చివరికి కలిసేది షానన్‌లోనే. చేతులు తుడుచుకుని, ఫిల్టర్ జగ్గులోంచి నాకో గ్లాసు నీళ్లు పోసిచ్చాడు.

"ట్యాప్ వాటర్ తాగకురా. అందులో మైక్రోప్లాస్టిక్స్ ఉంటాయంట."