గోల్ స్తంభానికి కట్టిన నిమ్మకాయ

నా కూతురు ఫుట్‌బాల్ ఆడి బతుకుతుంది. ఈ మాట చెబితే జనం రెండోసారి అడుగుతారు. ఆడితే డబ్బులెవరిస్తారు, ఆటంటే పిల్లలది కదా అంటారు. నాకూ సరిగ్గా తెలియదు. కన్నదాన్ని, ఇన్నేళ్లుగా చూస్తున్నదాన్ని, ఇప్పటికీ ఎవరైనా దాని పనేమిటని అడిగితే నోరు తెరిచి మళ్లీ మూసుకుంటాను. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు. ముందువెనకలు అయితే నన్నే అనుకోండి.

కూర్మన్నపాలెం జంక్షన్‌లో నాకు తోపుడుబండి ఉంది. ఎండాకాలం పుచ్చకాయలు, మిగతా కాలమంతా నిమ్మకాయలు. మంగళవారం, శనివారం దిష్టి తాళ్లు కడతాను. నల్లదారానికి అడుగున బొగ్గుముక్క, దాని మీద నిమ్మకాయ, ఆ పైన పచ్చిమిరపకాయలు. స్టీల్ ప్లాంటు నుంచి ఇనుము మోసుకెళ్లే లారీల వాళ్లు, ఆటోల వాళ్లు నా దగ్గర ఆగి ముందు బంపరుకి కట్టించుకుని పోతారు. నా చేత్తో కట్టిన బండికి ఏమీ కాలేదని వాళ్లే చెబుతారు. అయినవాళ్లు వెనక్కి వచ్చి చెప్పరు కదా, అది వేరే సంగతి.

మా ఆయన బతికున్నప్పుడు పుచ్చకాయల లారీ ఎక్కి కాయలు కిందికి విసిరేవాడు. కింద నిలబడి నేను పట్టుకోవాలి. నా చేతుల్లోంచి జారి పగిలేవి. ఒకరోజు పిల్ల బడి నుంచి వచ్చి, సంచి పక్కన పడేసి, నన్ను జబ్బతో నెట్టి నా చోట నిలబడింది. లారీ ఖాళీ అయ్యేదాకా ఒక్క కాయ నేల తగల్లేదు. మా ఆయన పైనుంచి ఒకటే నవ్వు.

"ఒలే, ఇది నీ కూతురు కాదే. అచ్చం నా కూతురే!"

వాళ్ల బడిలో ఆటల మాస్టారు పుచ్చకాయ కొనడానికి వచ్చి అది చూశాడు. ఈ పిల్లని గోల్‌లో నిలబెడతాను, పంపించమన్నాడు. గోల్ అంటే ఏమిటని మా ఆయన అడగలేదు.

"పట్టుకోడవేనా సారూ?"

"పట్టుకోవడమే."

"అయితే పట్టుకెల్లండి."

అలా పోయింది. అలా పోయిన పిల్ల ఇంటికి చుట్టంలాగే వస్తోంది. హాస్టలన్నారు, జిల్లా అన్నారు, రాష్ట్రం అన్నారు. ఆయన పోయేనాటికి అది ఏదో క్యాంపులో ఉంది. లారీ మీదే గుండె పట్టుకుని కూలబడిపోయాడు. కార్యం అయిన తర్వాత నేను దాన్ని ఆటకి వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు. అది బూట్లు కడుక్కుని అరుగు మీద ఆరబెట్టుకుంది. ఆరగానే వెళ్లిపోయింది.

తర్వాత క్లబ్బుల్లో పడింది. ఒక ఏడాది కేరళ, ఒక ఏడాది గోవా, ఆ తర్వాత ఒడిశా. ఊరు మారినప్పుడల్లా ఫోనులో అడిగేదాన్ని.

"ఏటే, ఆల్లు నిన్ను తరిమేసేరా?"

"కాదమ్మా, కాంట్రాక్టు అయిపోయింది."

"మరి ఈల్లు?"

"ఈల్లు కొత్తగా తీసుకున్నారు."

ప్లాంటులో పని చేసే మా వాళ్లకీ కాంట్రాక్టులే. కానీ వాళ్లు కాంట్రాక్టు మారినా అదే గేటులోంచి లోపలికి వెళతారు. దీనికి ప్రతి ఏడూ కొత్త గేటు, కొత్త భాష, కొత్త చొక్కా. పోయినేడు ఎవరి మీద ఆడిందో ఈ ఏడు వాళ్ల తరఫున ఆడుతుంది. 'నిన్నటిదాకా ఆల్లు మనకి పగోల్లు గదే' అంటే, 'పగేటమ్మా, ఆటే గదా' అనేది. మరి ఆట అయితే అంత ఏడుపెందుకో. ఓడినరోజు ఫోన్ ఎత్తేది కాదు.

దాని ఆట నేను కళ్లారా చూసింది ఒక్కసారే. వాళ్ల జట్టు మన విశాఖలో ఆడడానికి వచ్చింది. వారం ముందే ఫోన్ చేసింది.

"అమ్మా, పెద్ద క్లబ్బోల్లు సూడ్డానికి వత్తన్నారు. నచ్చితే రెండేల్లు రాసుకుంటారు. లేదంటే ఇక్కడి కాంట్రాక్టూ అయిపోతంది, ఇంటికొచ్చీడవే."

పెళ్లిచూపుల్లాంటిదన్నమాట అనుకున్నాను. అయితే ఏం మొక్కుకోవాలి? నచ్చాలని మొక్కితే రెండేళ్లు కనబడదు. నచ్చకూడదని మొక్కితే పాపం, తల్లినై ఉండి. దేవుడి పటం ముందు నిలబడి చేతులు జోడించి ఏమీ అడగకుండా తిరిగి వచ్చేశాను. నాకేం కావాలో ఆ దేవుడికి తెలిసే ఉంటుంది, నాకే తెలియలేదు.

దిష్టి తీయడం మాత్రం నా పని. అది వచ్చు. ఆటరోజు తెల్లవారుజామున ఒక తాడు కట్టాను. బండి మీద అమ్మే కాయ కాదు, మచ్చలేని కాయ ఏరి కట్టాను. ఉదయమే స్టేడియానికి వెళ్లిపోయాను. అక్కడ ఒక కుర్రవాడు సున్నం బండి తోస్తూ నేల మీద గీతలు గీస్తున్నాడు. నన్ను చూసి బండి చక్రం ఆపాడు.

"ఏటి పిన్నీ, ఇంత పొద్దున్నే?"

"మా అమ్మాయి గోల్‌లో నిలబడతాది నాయనా. ఇది ఆ కర్రకి కడతాను."

"ఏ పక్క నిలబడతాదో నీకేటి తెలుసు? టాసు ఎయ్యాల గదా."

"తూరుపు మొకంగా నిలబెడతాడులే దేవుడు."

వాడు నవ్వాడు. "సరే, వల ఎనకాల అడుక్కి కట్టు. సారోల్లు సూత్తే నాను కట్టనివ్వనేదని సెప్తాను."

కట్టేసి వచ్చాను. కాసేపటికి పిల్ల ఫోన్ చేసింది, బస్సు దిగుతున్నాం, గేటు దగ్గరకి రమ్మని.

"నాను రానే. నాలాంటిది ఎదురొత్తే మంచిది కాదు."

"ఎదురొచ్చేయన్నీ పట్టుకోడవే గదమ్మా నా పని! రా."

వెళ్లలేదు. గ్యాలరీలో స్తంభం చాటున కూర్చున్నాను. జనం పెద్దగా లేరు. నా పక్కన పల్లీలు తింటూ ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. జట్లు లోపలికి వచ్చాయి. పసుప్పచ్చ చొక్కా వేసుకుని నా కూతురు సరిగ్గా నేను కట్టిన పక్కకే నడిచి వచ్చింది. అది వల వెనకాల చూసింది, వంగి చూసింది, లేచి గ్యాలరీ అంతా వెతికింది. నేను స్తంభం చాటుకి ఇంకా జరిగాను.

ఆట మొదలైంది. ఎక్కువసేపు అది ఉత్తినే నిలబడి అరిచింది. ఎవరిని తిడుతోందో అనుకున్నాను. పల్లీలాయన చెప్పాడు, అది తిట్టడం కాదు, ముందున్న పిల్లలకి దారి చెప్పడమని. వెనక నిలబడ్డవాళ్లకే అంతా కనబడుతుందట. మధ్యలో ఒకసారి బంతి సూటిగా వచ్చింది. నా కూతురు గాల్లో పక్కకి పడుకుని దాన్ని పట్టేసింది. అచ్చం పుచ్చకాయే. పల్లీలాయన పక్కవాడిని మోచేత్తో పొడిచి, "సూసేవా బావా, ఆ గుంటదాని సేతులు!" అన్నాడు. నా కూతురని చెబుదామనుకున్నాను. మళ్లీ దిష్టి అని ఊరుకున్నాను.

ఈల వేశారు. అందరూ లోపలికి వెళ్లి నీళ్లు తాగి వచ్చారు. నా కూతురు సీసా, తువ్వాలు పట్టుకుని అవతలి పక్కకి నడిచిపోతోంది.

"బాబూ, మా పాప దారి తప్పిపోనాదేటి? అటెలిపోతంది!"

"సగం ఆట అయ్యేక పక్కలు మారతారమ్మా."

"ఏటికి?"

"ఎండ, గాలి ఇద్దరికీ సమానంగా ఉండాలి గదా."

"మరి కాయో?"

"ఏ కాయమ్మా?"

ఏమని చెప్పను? లారీకి ముందు ముందే, వెనక వెనకే. సగం దారిలో లారీ వెనకది ముందుకి రాదు. ఇన్నేళ్లుగా కడుతున్నాను, ఇలాంటి బండి ఎక్కడా చూడలేదు. లేచి మెట్లు దిగి పరుగెత్తాను. గీత దగ్గర సెక్యూరిటీ అబ్బాయి కర్ర అడ్డం పెట్టాడు. "ఆట జరుగుతోంది, లోపలికి వెళ్లకూడదు" అన్నాడు. నా నిమ్మకాయ అక్కడుండిపోయింది బాబూ అన్నాను. తర్వాత తెచ్చిస్తానులే, కూర్చోమన్నాడు.

అక్కడే నిలబడి చూశాను. అవతలి జట్టు గోల్ పిల్ల ఇప్పుడు నా కాయ ఉన్నచోటికి వచ్చింది. పొడుగాటి పిల్ల, ఏ రాష్ట్రమో తెలియదు. వల వెనక్కి చూసి, వంగి, ఆ కాయని వేలితో తాకి కళ్లకి అద్దుకుంది. నాకు కోపం వచ్చింది. అది నీది కాదే అని అరవాలనిపించింది. అరిచినా ఆ పిల్లకి నా భాష రాదు.

ఆ తర్వాత మా వాళ్లు కొట్టిందల్లా ఆ పిల్ల ఆపింది. ఒక బంతి తన చెయ్యి దాటిపోయింది, అమ్మయ్య అనుకునేలోపు కర్రకి తగిలి బయటికి పోయింది. నేను కట్టిన కర్రకే. ఇటుపక్క మా పిల్ల దగ్గరికి ఒక బంతి వచ్చింది. తను ఒకవైపు దూకింది, బంతి మధ్యలో తన జట్టు పిల్ల కాలికే తగిలి ఇంకోవైపు తిరిగి లోపలికి పోయింది. అంతే. ఓడిపోయారు.

గేటు దగ్గర నిలబడ్డాను. ఇద్దరు గోల్ పిల్లలూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నవ్వుకుంటూ వచ్చారు. ఓడింది ఎవరో గెలిచింది ఎవరో తెలియలేదు. ఆ పొడుగు పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది.

"ఏటంటందే?"

"ఇంటి నుంచి వచ్చేక తనకోసం ఎవలూ ఏదీ కట్టలేదంట. వాళ్లమ్మ గుర్తొచ్చిందంట."

"దాని కోసం కట్టలేదని సెప్పు."

"సెప్పేసేనమ్మా. అయినా థాంక్సంట."

అప్పుడు నా కూతురు నెమ్మదిగా చెప్పింది. పెద్ద క్లబ్బు వాళ్లు చూడడానికి వచ్చింది తననొక్కదాన్నే కాదు, ఇద్దరినీ. నిలబెట్టేది మాత్రం ఒక్కరినే. ఆ సంగతి ఇద్దరికీ ముందే తెలుసు, ఇద్దరూ వెనకటి క్యాంపులో ఒకే గదిలో పడుకున్నవాళ్లే. నేను ఇద్దరి మొహాలూ చూశాను. నాకు ఏ మొహంలోనూ ఏమీ కనబడలేదు.

ఆ పిల్లనే తీసుకున్నారు.

నా కూతురు పెట్టెతో ఇంటికి వచ్చేసింది. బండి దగ్గర నాతో నిలబడి మిరపకాయలు గుచ్చింది. లారీల వాళ్లు దానితో ఎకసెక్కాలాడేవారు, కాయ విసురు, పట్టుకుంటాం అని. అన్నం తినే పిల్లని ఎదురుగా కూర్చుని చూసుకోవడం నాకు ఎంత బాగుందో చెప్పలేను. కానీ అది తింటూ తింటూ గోడకేసి చూస్తుండిపోయేది. అప్పుడు నా ముద్ద నాకు దిగేది కాదు. సంతోషమో కాదో నాకే తేలలేదు. ఒకరోజు అడిగేశాను.

"కాయ వల్లే అయ్యిందేటే?"

"కాదమ్మా. ఆ పిల్ల నాకన్నా జానెడు పొడుగు. అంతే." నవ్వింది. "అయినా ఇంకో పక్క కూడా ఒకటి కట్టాల్సింది గదా!"

అప్పుడు ప్రతి కాయ దగ్గరా సగం ఆట ఆ పిల్ల, సగం ఆట ఇది ఉంటుంది, రెండు కాయలూ ఇద్దరికీ కాపలా కాస్తే ఎవరు గెలుస్తారు? నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

కొన్నాళ్లకి ఫోన్ వచ్చింది. అదే పెద్ద క్లబ్బు. రెండో గోల్ కీపరుగా రమ్మన్నారట. రెండో అంటే ఏమిటన్నాను. మొదటిది ఆ పొడుగు పిల్ల. దానికి దెబ్బ తగిలితే ఇది దిగాలి. తగలకపోతే ఏడాదంతా బెంచీ మీద కూర్చోవాలి.

"అయితే ఆ పిల్ల పడిపోవాలని మొక్కుకోవాలా నాను?"

"సీ! తప్పమ్మా. అలగ అనకు."

"మరి నువ్వు దిగేదెలగ?"

అది బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుకుంది.

దువ్వాడ స్టేషన్‌లో రైలెక్కించాను. సంచిలో రెండు తాళ్లు పెట్టాను. ఒకటి దానికి, ఒకటి ఆ పిల్లకి. ఆడనివాళ్లకి ఎక్కడ కట్టాలో నాకు తెలియదు, నువ్వే చూసుకో అన్నాను. అది నా భుజం మీద తల పెట్టి అలాగే నిలబడింది, ఈల వేసేదాకా.

మొన్న ఫోనులో వాళ్ల ఆట చూశాను. పక్కింటి వదిన పెట్టి చేతికిచ్చింది. వల వెనకాల ఒక తాడు వేలాడుతోంది, నా ముడే. బెంచీ చూపించినప్పుడు నా కూతురు పసుప్పచ్చ చొక్కా మీద ఇంకో చొక్కా తొడుక్కుని కూర్చుని ఉంది. బెంచీ కాలికి రెండో తాడు. నాకు నవ్వు వచ్చింది. అంతలో బంతి ఆ పొడుగు పిల్ల మీదకి దూసుకొచ్చింది. పిల్ల ఎగిరింది. నా రెండు చేతులూ ఫోన్ వదిలేసి పైకి లేచాయి. ఫోన్ ఒళ్లో పడింది.

తీసి చూస్తే బంతి ఆ పిల్ల గుండెలకి హత్తుకుని ఉంది. నేల మీంచి క్షేమంగా లేస్తోంది.

"హమ్మయ్య!" అన్నాను.

వదిన నా మొహం చూసింది. "అది పడిపోతే గదా నీ కూతురు దిగేది. హమ్మయ్యంటావేటి?"

ఎందుకన్నానో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.