కౌంటర్ ముందు మనిషి

మా మావయ్యగారికీ నాకూ స్నేహం కుదిర్చింది ఒక అమెరికన్ టీవీ కామెడీ. చెబితే మా వాళ్ళెవరూ నమ్మరు. ఆయన మునిసిపల్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై, ఆరు నెలలుందామని అమెరికాలో మేముండే క్యారీ ఊరికి వచ్చారు. అత్తయ్యగారు మా ఆడపడుచు కాన్పుకని డాలస్‌లో ఆగిపోయారు. మా ఆయన వారంలో నాలుగు రోజులు క్లయింట్ ఊళ్ళోనే. ఇంట్లో మేమిద్దరమే. మొదటి పది రోజులూ "తిన్నారా మావయ్యగారూ", "తిన్నానమ్మా" తప్ప మాకు వేరే మాట లేదు.

గురువారం సాయంత్రం మాత్రం నేను టీవీ ముందు కూర్చోవాల్సిందే. ఒక ఊళ్ళో నీళ్ళ బిల్లులు కట్టించుకునే ఆఫీసు, అందులో పదిమంది సోమరిపోతులు, అదీ ఆ కామెడీ. నేను దాన్ని ఇష్టంతో మొదలుపెట్టలేదు, భయంతో మొదలుపెట్టాను. శుక్రవారం పొద్దున్న మా ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర అందరూ దాని గురించే మాట్లాడేవారు. నేను కప్పు పట్టుకుని, వాళ్ళు నవ్వాక అరక్షణం ఆలస్యంగా నవ్వేదాన్ని. పోనీ ఇంట్లో చూసి నేర్చుకుందామంటే, మిగతా కామెడీల్లా దీంట్లో వెనకనుంచి నవ్వులు వినిపించవాయె. ఎక్కడ నవ్వాలో మనమే తేల్చుకోవాలి. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఆపి ఆపి చూసి, మూడేళ్ళకి పాసయ్యాను.

మావయ్యగారికి ఆ కష్టమేమీ లేదు. ఇంగ్లీషు సగమే అందేది, ఆఫీసు మాత్రం మొత్తం అర్థమయ్యేది. "వీణ్ణి చూడమ్మా, ఫైలు వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు! మా సెక్షన్లో ఒకడుండేవాడు, అచ్చం వీడే!" అని తొడ చరుచుకునేవారు. నేను మాటలు చెప్పేదాన్ని, ఆయన మనుషుల్ని చెప్పేవారు. లైబ్రరీ నుంచి పాత సీజన్ల డీవీడీలు తెచ్చి ఏడేళ్ళ కథా రెండు నెలల్లో లాగించేశాం.

ఆ తర్వాత టీవీలో మొదలైన ఎనిమిదో ఏడాది అది చెడిపోయింది. పాచిపోయిన పప్పు మూత తియ్యగానే తెలిసినట్టు, మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఒకడికి పెళ్ళి, ఒకత్తికి కవలలు, ఆఫీసు ఆఫీసంతా బీచికి ప్రయాణం. వారం వారం ఇదే వరస. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇన్నేళ్ళు నమ్ముకుని చూసినవాళ్ళ మొహాన ఇంత చెత్త కొడతారా! కాఫీ మెషీన్ దగ్గరా అందరూ నిట్టూర్చడమే. "ఏదో తగ్గింది" అనేవారు. ఏం తగ్గిందో ఎవరూ చెప్పలేకపోయేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనేజర్ నన్ను గదిలోకి పిలిచింది. డాక్టర్ల క్లినిక్కుల రిసెప్షన్‌లో వాడే సాఫ్ట్‌వేర్ మాది, దాన్ని టెస్ట్ చెయ్యడం నా పని. "నీ పనికి వంక పెట్టలేను. టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అవుతోంది. కానీ మీటింగుల్లో నువ్వు నోరు విప్పవు. మాట్లాడని మనిషి పేరు పైకి ఎలా పంపను?" అంది. నాకంటే వెనక చేరినవాళ్ళు నా నెత్తిమీదుగా లీడ్‌లైపోతున్నారు. ఆ పోస్టు నాకు కావాలి. కావాలంటే కావాలి, అంతే. కానీ గదిలో పదిమంది నావైపు చూస్తే చాలు, నా నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

ఆ గురువారం మావయ్యగారు సగంలోనే రిమోట్ పక్కన పడేశారు.

"కౌంటర్ దగ్గర జనం ఏరమ్మా?"

"ఏ జనం మావయ్యగారూ?"

"ఇదివరకు కౌంటర్ ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడేవారు కదా. బిల్లు తప్పొచ్చిందని ఒక ముసలావిడ, కుళాయి రావట్లేదని ఒకాయన. వాళ్ళని నిలబెట్టి వీళ్ళు సరసాలాడితే నవ్వొచ్చేది. ఇప్పుడు ఎదురుచూసేవాడే లేడు. ఇంక వీళ్ళ సోమరితనంలో నవ్వేముంది?"

ఓరి నాయనో అనుకున్నాను. ఇంతమంది తల బద్దలు కొట్టుకుంటున్న సంగతి ఆయన రెండు ముక్కల్లో తేల్చేశారు.

మర్నాడు కాఫీ దగ్గర మా మేనేజరే ఆ కామెడీని వెనకేసుకొచ్చింది. "అందరూ బాలేదంటారు, ఎందుకు బాలేదో ఒక్కరైనా చెప్పండి చూద్దాం!" అని సవాలు విసిరింది. నాకు రోషం పొడుచుకొచ్చింది. "నేను చెబుతాను" అన్నాను. కౌంటర్ ముందు మనిషి లేకుండా పోయాడని, పనే లేనప్పుడు పని ఎగ్గొట్టడం తమాషా ఎలా అవుతుందని, ముసలావిడ ఎపిసోడ్లు మూడు వరసగా గుర్తుచేసి మరీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అడ్డురాలేదు. మేనేజర్ కప్పు పక్కన పెట్టి, "నిజమే" అంది.

మధ్యాహ్నం మీటింగులో కొత్త వెర్షన్ చూపించారు. స్క్రీన్లు ముద్దొస్తున్నాయి, అందరూ ఆహా ఓహో. ఒక పేషెంట్ పేరు రాసుకోవడానికి ఆరు స్క్రీన్లు దాటాలని నాకు వారం నుంచీ తెలుసు. స్పెక్‌లో, అంటే ఎలా తయారుచెయ్యాలో ముందే రాసిచ్చిన కాగితంలో, అలాగే ఉంది కదా అని ఊరుకున్నాను. ఈసారి చెయ్యెత్తేశాను. "జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని ఒకావిడ కౌంటర్ ముందు నిలబడింది. మనం ఆరు స్క్రీన్లు దాటేదాకా ఆవిడ నిలబడే ఉండాలి. ఈ స్క్రీన్లలో ఆవిడ ఎక్కడుంది?" అన్నాను. డిజైన్ చేసినతను గొణిగాడు. నేను తగ్గలేదు. లాప్‌టాప్ లాక్కుని ఆరూ నొక్కి చూపించాను. రిలీజ్ ఆపారు, ఆరు స్క్రీన్లు రెండయ్యాయి. నెల తిరక్కుండా లీడ్‌గా నా పేరు చదివారు. చదివిన మనిషి కళ్ళలోకి సూటిగా చూసి థాంక్స్ చెప్పాను. అబ్బ, ఆ రోజు నా నడకే వేరు!

ఇంటికొచ్చి మావయ్యగారికి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. గట్టిగా నవ్వుతారనుకున్నాను. ఆయన టీవీ కట్టేసి, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"మా ఆఫీసర్లు పెట్టిన ఫారాలు జనానికి అర్థం కావని నాకు తెలుసమ్మా. కౌంటర్ ముందు వాళ్ళు గంటలు గంటలు నిలబడేవారు. సర్వీసంతా చూస్తూనే ఉన్నాను. ఇదేమిటని ఒక్కసారీ అడగలేదు."

ఆయన లేచి ఫోన్ తీసి డాలస్‌లో ఉన్న అత్తయ్యగారికి కలిపారు. ఆవిడ హలో అన్నారో లేదో, వీధంతా వినపడేలా మొదలుపెట్టారు.

"ఏమేవ్, నా సర్వీసంతా నేను చెయ్యలేని పని, మన కోడలు చేసొచ్చిందే!"