చలికాలం లేని పట్టిక

2023 ఆగస్టు. నోయిడాలో మార్కెట్ సర్వేలు చేసే ఒక కంపెనీలో నేను డేటా అనలిస్టుని. పంతొమ్మిదేళ్లుగా ఒకే పాత సాఫ్ట్‌వేర్ మీద నెట్టుకొచ్చాను. ఆ నెలలో కొత్త మేనేజరు, ఇకమీదట పనంతా పైథాన్‌లోనే అన్నాడు. కంప్యూటరుకు పని చెప్పే భాషల్లో అదొకటి. నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ పలక పట్టమన్నట్టు అనిపించింది. పక్క సీట్లలోని పాతికేళ్లవాళ్లకు అది మంచినీళ్ల ప్రాయం. వాళ్లను అడిగి నేర్చుకోవచ్చు, కానీ నాకు నామోషీ.

చేతులు పెట్టి పని చేస్తే తప్ప ఏ భాషా రాదు. అందుకని ప్రభుత్వం అందరికీ ఉచితంగా ఇచ్చే గాలి లెక్కలు దించుకున్నాను. ఢిల్లీలోనూ చుట్టుపక్కలా అక్కడక్కడ యంత్రాలుంటాయి. సన్నటి ధూళి ఎంత, ఓజోన్ ఎంత, గాలి వేగం ఎంత అని గంటకో వరుస చొప్పున అవి నమోదు చేస్తాయి. మునిర్కాలో మెట్రో ఎక్కి నోయిడాలో దిగేదాకా, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఒక ఏడాది లెక్కలతో కుస్తీ పట్టేదాన్ని.

మంజుల నాకు మునిర్కా పక్కనే బేర్ సరాయ్‌లోని ఆంధ్రా మెస్‌లో పరిచయం. కరీంనగర్ అమ్మాయి, ముప్ఫై దాటింది. మొదట ఆంటీ అని పిలిచి, నా మొహం చూసి, వెంటనే అక్కా అని దిద్దుకుంది. సివిల్స్‌లో అది ఆమెకు చివరి అటెంప్టు. సెప్టెంబరులో మెయిన్స్ బాగా రాసింది. ఆమెకున్న కష్టమల్లా ఆస్తమా. అక్కడికి దగ్గర్లోనే, కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో ఉండేది.

"కిందటి చలికాలం శానా గోసపడ్డనక్కా. ఈసారి ఇంటర్వ్యూ దాకా ఊపిరి నిలబడాలె. గాలి జర మంచిగుండే జాగ ఏదన్నా ఉంటే చెప్పు, గది మారత."

నాకు ఎంత సంబరమయిందో చెప్పలేను. కొత్తగా నేర్చిన విద్యకు అప్పుడే ఒక అక్కర దొరికింది. రెండు వారాలు కూర్చుని ఒక్కో యంత్రానికి ఏడాది సగటు కట్టాను. ఊరి అంచున ఒక కాలనీ అన్నిటికన్నా శుభ్రంగా తేలింది. పట్టిక చూపిస్తానేమోనని మంజుల ఆశగా అడిగింది.

"నాక్కూడా సూపియ్యక్కా. నా ఆప్షనల్ జాగ్రఫీనే గద."

"నీకెందుకమ్మా ఆ తలనొప్పి? నువ్వెళ్లి చదువుకో. అది నా పని," అన్నాను.

ప్రేమతోనే అన్నాననుకున్నాను. నిజానికి అది అహం. నా వంకర టింకర కోడ్ ఎవరికీ చూపించడం నాకు ఇష్టం లేదు.

అక్టోబరు చివర ఆమె ఆ కాలనీకి మారింది. సామాను ఆటోలోకి ఎక్కించింది నేనే. నవంబరు రెండో వారంలో ఫోన్ చేసింది. "అక్కా, ఈడ ఇంక ఎక్కువైతుంది. ఇన్‌హేలర్ పదిరోజులకే అయిపోతుంది." ఆ వారం ఊరంతా పొగలో మునిగి ఉంది. "అంతటా అలాగే ఉంది మంజులా. పాత గదిలో ఇంకా ఘోరంగా ఉండేది, నా దగ్గర లెక్కలున్నాయి," అన్నాను. ఆమె నమ్మింది. డిసెంబరులో మెయిన్స్ పాసయ్యానని చెప్పినప్పుడు ఫోన్‌లో మాటల కన్నా దగ్గే ఎక్కువ వినిపించింది. అప్పుడు కూడా నేను ఆ పట్టిక మళ్లీ తెరవలేదు.

జనవరిలో, ఇంటర్వ్యూకి అయిదు రోజుల ముందు, ఆమెను ఐసీయూలో చేర్చారు. వాళ్లమ్మ కరీంనగర్ నుంచి బయలుదేరింది. ఆమె వచ్చేదాకా బయట కుర్చీలో నేను కూర్చున్నాను. పొద్దున పదకొండింటికి, తోచక, లాప్‌టాప్ తీశాను. నేను సగటు కట్టిన ఏడాదిలో ఆ కాలనీకి ఏ నెలలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టమని ఒక్క లైను రాశాను. మొదటి రోజే రాయాల్సిన లైను అది.

నవంబరు, సున్నా. డిసెంబరు, సున్నా. జనవరి, సున్నా.

నేర్చుకునేవాళ్లకు ప్రతి పాఠంలోనూ మొదట చెప్పేది డేటా శుభ్రం చేసుకోమని. దానికి డ్రాప్‌ఎన్ఏ అని ఒక ఆదేశం ఉంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా సరే, వరుస మొత్తాన్ని అది తీసేస్తుంది. ఆ కాలనీ యంత్రంలో గాలి వేగం కొలిచే భాగం 2022 నవంబరు మొదటి తేదీన పాడైంది, 2023 ఫిబ్రవరిలో బాగుచేశారు. ధూళి లెక్క మాత్రం ప్రతి గంటా ఉంది. నాకు అక్కరలేని ఒక గడి ఖాళీగా ఉందని, మూడు నెలల ధూళిని నేను ఊడ్చి పారేశాను. తతిమ్మా నెలలకు సగటు కట్టి, ఇదే మంచి గాలి అన్నాను. ఆ ఆదేశం తీసేసి మళ్లీ నడిపితే, చలికాలంలో ఆ కాలనీ కటవారియా సరాయ్ కన్నా ఎంతో అధ్వాన్నంగా తేలింది.

ఇంటర్వ్యూ రోజు ఆమె ఆక్సిజన్ మీదే ఉంది. వార్డుకి మార్చిన మర్నాడు, వాళ్లమ్మ మందులకు వెళ్లినప్పుడు, లాప్‌టాప్ మంచం మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఆమె ఏడవలేదు. మాస్కు పక్కకి జరిపి పాత పట్టిక చూపించమంది. నెలలవారీగా చూపించాను. పైనుంచి కిందికి ఒకసారి వేలు జరిపింది. అర నిమిషం కూడా పట్టలేదు.

"చలికాలమేదక్కా?"

అక్టోబరు కిందే ఫిబ్రవరి ఉన్నచోట నేను వేలు పెట్టాను.

"ఆ రోజు సూపిస్తే, నేను ఇదే అడుగుతుంటి."

నర్సు వచ్చి, "దీదీ, ఇన్‌సే బాత్ మత్ కరాయియే," మాట్లాడించొద్దని కసిరి మాస్కు సరిచేసింది. మంజుల గోడవైపు తిరిగింది. మార్చిలో వాళ్లమ్మ ఆమెను తీసుకెళ్లిపోయిందని మెస్ యజమాని చెబితే తెలిసింది. క్షమించమని రెండుసార్లు మెసేజ్ పెట్టాను. చదివినట్టు నీలి గీతలు పడ్డాయి. జవాబు రాలేదు, రావాలని అడిగే ముఖమూ నాకు లేదు.

నాకు పైథాన్ బాగానే వచ్చిందంటారు ఆఫీసులో. ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పేది నేనే. తీసేసిన వరుసలెన్ని, అవి ఏ నెలలవి అని చూడకుండా ఎవరి సగటునూ ముందుకు పోనివ్వను. లెక్క ఎవరి కోసమో వాళ్ల ముందు పట్టిక పరిచి, తర్వాతే నోరు తెరుస్తాను. నేను రాసే ప్రతి ప్రోగ్రాములో మొదటి లైను తెలుగులో ఉంటుంది. కంప్యూటరు ఆ లైనును పట్టించుకోదు, అది మనుషుల కోసం రాసుకునేది. తెలుగు రాని పిల్లలు అదేమిటి మేడమ్ అని అడుగుతారు. ఒక అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న అని చెబుతాను.

చలికాలమేదక్కా?