నేను కలిపిన క్రీమే నా చేతులకు పడలేదు

ఆ రోజు బ్యాచ్ చల్లారుతుండగా కుడిచేతి వేళ్ల సందుల్లో దురద మొదలైంది. చలికాలం కదా, పొడిబారాయనుకున్నాను.

ఎటోబికోలో చర్మవ్యాధుల క్రీములు తయారుచేసే ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. నూనె భాగాన్నీ నీటి భాగాన్నీ విడివిడిగా వేడిచేసి కలపాలి. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో కరిగించిన స్టెరాయిడ్ మందును అందులో పోయాలి. ఆపైన నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడితే క్రీము గరుకెక్కుతుంది, కొన్నాళ్లకు నీరు విడిచేస్తుంది.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. గ్లవ్స్ తీయకూడదన్నది రూల్. ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగలేక, నేను గ్లవ్ తీసి, శాంపిల్‌లోంచి చిటికెడు క్రీము వేళ్ల మధ్య నలిపి చూసేదాన్ని. గరుకుంటే ఇట్టే తెలిసిపోయేది. మా సూపర్‌వైజర్ ప్రసాద్ గారు చూసి కూడా వద్దనలేదు. "ల్యాబ్ సంగతి తర్వాతండీ, ముందు సునీత గారి వేళ్లు ఓకే చెప్పాలి" అనేవారు. ఆ మాటకే పొంగిపోయేదాన్ని, పిచ్చిదాన్ని.

వారం తిరిగేసరికి నీటిపొక్కులు లేచాయి. ఫ్యామిలీ డాక్టర్ చూసి "హ్యాండ్ ఎగ్జిమా" అని స్టెరాయిడ్ క్రీము రాశారు. ఫార్మసీలో ఇచ్చిన ట్యూబు మా ఫ్యాక్టరీదే. నేను కలిపిన మందు నాకే పనికొస్తోందని మా ఆయన రవితో గొప్పగా చెప్పుకున్నాను. నాలుగు రోజులు తగ్గింది. తర్వాత ఎరుపు మణికట్టు దాకా పాకింది. ఇంకాస్త దట్టంగా పట్టించాను. డాక్టర్ మరింత స్ట్రాంగ్ క్రీము ఇచ్చారు. అది రాస్తే మంట.

స్కిన్ స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్‌కు ఐదు నెలలు పట్టింది. వేళ్లు పగిలి నెత్తురు వచ్చేది. పులుసన్నం చెంచాతో తినేదాన్ని. ఒకరోజు మా తొమ్మిదేళ్ల నిత్యకు జడ వేస్తుంటే తల పక్కకు లాక్కుంది. "అమ్మా, యువర్ హ్యాండ్స్ ఆర్ స్క్రాచీ. నాన్న కెన్ డూ ఇట్" అంది. బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

చివరికి చర్మానికి ఏ పదార్థం పడట్లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు నిండా చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులు తడపొద్దన్నారు. అవి తీసి ఒకసారి, మరో రెండు రోజులాగి ఇంకోసారి చూశారు.

"ప్రొపిలీన్ గ్లైకాల్, స్ట్రాంగ్ పాజిటివ్. ఇదేంటో తెలుసా?" అని అడిగారు డెర్మటాలజిస్ట్.

"రోజూ తూకం వేసేది నేనే" అన్నాను.

ఆవిడ నోట్స్ రాయడం ఆపేశారు. నేను వాడిన రెండు క్రీముల్లోనూ అదే ఉందట. మందు తగ్గిస్తుంటే అది రెచ్చగొడుతోందట. "ఈ అలర్జీ సాధారణంగా పోదు. అవాయిడ్ చేయడమే ట్రీట్‌మెంట్" అన్నారు.

సెలవు పెట్టి, అది లేని ఆయింట్‌మెంట్ వాడితే ఆరు వారాల్లో పగుళ్లు పూడాయి. రెండేసి గ్లవ్స్ వేసుకుని మళ్లీ పనిలోకి వెళ్లాను. పదో రోజుకే పొక్కులు వచ్చేశాయి. ప్రసాద్ గారు నా మొహంలోకి చూడలేకపోయారు. "నాకు మాత్రం ఇష్టమా చెప్పండి? ఇంక మిమ్మల్ని ఫ్లోర్ మీద పెట్టలేనండీ" అన్నారు.

ఇప్పుడు నేను రికార్డుల గదిలో బ్యాచ్ కాగితాలు సరిచూస్తున్నాను. ఉద్యోగం పోలేదుగా అంటారు అందరూ. నాకు చేతనైన పని మాత్రం పోయింది. చేతులు ఎండాకాలం బాగానే ఉంటాయి, చలికాలం మళ్లీ చిట్లుతాయి. నిత్య జడ రవే వేస్తున్నాడు. దానికి అదే అలవాటైపోయింది.

మీకు చెప్పగలిగింది ఒక్కటే. క్రీము రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైతే, నాలాగా ఇంకాస్త పట్టించకండి. వాడుతున్న ట్యూబులూ సబ్బులూ లోషన్లూ అన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి. మందు పేరుతో ఆగకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మిగతా పదార్థాలు కూడా చదవమనండి. మా ట్యూబు మీద ఆ వరుసంతా నాకు కంఠతా వచ్చు. నెలల తరబడి అదే చేతులకు రాసుకున్నాను, ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చూడలేదు.