లావణ్య తీసుకున్న రెస్టు

కరోనా తగ్గి, పోలీసు కొలువులకు నోటిఫికేషన్ పడిన ఏడాది. కరీంనగర్‌లో నా ఫిజియోథెరపీ గదికి రోజూ పొద్దున్నే కుంటుకుంటూ వచ్చేవాళ్లే. నిన్నటిదాకా బస్సు కోసం కూడా ఉరకనివాళ్లు ఒక్కసారిగా మైదానం చుట్టూ పడి పరుగెత్తితే కాళ్లు ఊరుకుంటాయా!

లావణ్య కూడా అలాగే వచ్చింది. తండ్రి మరమగ్గం నడుపుతాడు. మగ్గానికి కావలసిన నూలు కండెలు తల్లీకూతుళ్లు ఇంట్లో చుడతారు. వయసు దాటిపోతోంది, కానిస్టేబుల్ కొలువుకు ఆమెకిదే ఆఖరి అవకాశం. పరుగు పరీక్షకు ఇంకా నెల. మూడు వారాలుగా రెండు పూటలా ఉరుకుతోంది. మోకాలి కింద, ముందు ఎముక పొడవునా నొప్పి. మేం షిన్ స్ప్లింట్స్ అంటాం: అలవాటు లేని పరుగుకు ఎముక ఓర్చుకోలేక పెట్టే మొర. వింటే తగ్గుతుంది, వినకపోతే ఎముకే పగులుతుంది.

"రెండు వారాలు పూర్తిగా రెస్టు తీసుకో. ఆ తర్వాత పక్కమనిషితో మాట్లాడుకుంటూ పోగలిగినంత మెల్లగా పరుగెత్తు" అన్నాను.

"సరే మేడం" అంది. బయట ఇంకా జనం ఉన్నారు. పంపించేశాను.

పన్నెండు రోజులకు తండ్రి భుజం పట్టుకుని వచ్చింది. ఎముక మీద వేలు పెట్టగానే కెవ్వుమంది. స్కానింగ్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ తేలింది. ఎముకలో వెంట్రుకంత పగులు.

"రెస్టు తీసుకోమన్నానా లేదా?" అని గట్టిగానే అరిచాను.

"తీసుకున్న మేడం. కండెలు చుట్టుడు మొత్తం బంద్ పెట్టిన. అమ్మొక్కతే చుడుతుంది. పొద్దుమాపు ఉరుకుడొక్కటే."

"మీరు చెప్పినట్టే మేడం, బిడ్డను ఒక్క పని ముట్టనియ్యలే" అన్నాడు తండ్రి.

వాళ్లింట్లో రెస్టు అంటే పని మానడం. పరుగు వాళ్ల లెక్కలో పనే కాదు. 'పరుగు ఆపు' అని రెండు ముక్కలు చెప్పలేకపోయింది నా పాడు నోరు.

"ఇప్పుడు ఆపితే అయితదా మేడం? ఇంక పద్దెనిమిది రోజులున్నయి గద!" అంది లావణ్య.

"కాదమ్మా. నెలన్నరైనా పడుతుంది."

ఆమె ఏడవలేదు. తండ్రే ఏడ్చాడు.

కొత్తగా పరుగెత్తేవాళ్లకు ఊపిరి త్వరగానే అలవాటవుతుంది. ఎముకకు నెలలు పడుతుంది, అదీ ఆగిన రోజుల్లోనే గట్టిపడుతుంది. ఇప్పుడు ఎవరొచ్చినా ఏం మానేస్తారో వాళ్ల నోటితోనే చెప్పించుకుని పంపుతున్నాను. లావణ్యకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కాలు అతుక్కున్నాక చివరిసారి చూపించుకోవడానికి వచ్చింది. పరుగు మాట ఎత్తలేదు.

"మగ్గం కాడ పొద్దంత నిలవడొచ్చా మేడం?" అని అడిగింది.

నిలబడొచ్చన్నాను.