నాయినమ్మ అడిగిన మాట

ఇయ్యాల ఆర్మూర్ మార్కెట్ల ఒకాయన పసుపు కొమ్ము విరిస్తే టక్కుమన్నది. మా నాయినమ్మ యాదికొచ్చింది.

కొమ్ము ఎండిందా లేదా అని ఆమె చెవి దగ్గర విరిచి సూసేది. ఒక్కో మాట మర్చిపోవుడు మొదలైనంక, నా చెవి దగ్గర విరిచి నా మొకం సూసేది.

"ఎండింది నాయినమ్మా" అంటే నవ్వేది. చెంబు సూపిస్తే "చెంబు" అనేదాన్ని. నాకు గదొక ఆట.

ఒకనాడు పసుపు చెయ్యి నా బుగ్గకు ఆనిచ్చి, నోరు తెరిచి ఆగింది.

"బుగ్గనా?" తల అడ్డంగ ఊపింది.

"ముక్కా? కండ్లా?"

ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేను యాష్టకొచ్చి ఆడుకోనీకి ఉరికిన.

ఆమె అడిగింది నా పేరని చానా ఏండ్లకు సమజైంది. ఇయ్యాల గా చప్పుడు ఇని, మార్కెట్ల నిలవడి, నా పేరు మెల్లగ చెప్పిన.