నట్టు మీది ఎర్రగీత

మొన్న ఉప్పల్‌లో బండి చక్రం మార్పించాను. మెకానిక్ నట్టు బిగించి, దాని మీద నుంచి కిందున్న ఇనుము మీదికి ఎర్రరంగుతో సన్నటి గీత గీశాడు. ఆ రంగు ఘాటు వాసనకు నాచారంలోని మా పాత వాకిలి గుర్తొచ్చింది.

నాన్న బేగంపేట విమానాశ్రయంలో విమానాల మెకానిక్. ఇంట్లో స్కూటర్ నట్లకూ అలాగే ఎర్రగీత పెట్టేవాడు. చిన్నప్పుడు నేను, దసరాకు అమ్మ పనిముట్లకు పెట్టినట్టే అదీ బొట్టనుకున్నాను. గీత లేని నట్లను చూస్తే పాపం అనిపించి, ఓ పొద్దున వాటన్నిటికీ కుంకుమ పెట్టాను.

డ్యూటీకి బయలుదేరిన నాన్న అది చూసి పకపకా నవ్వాడు.

"ఇది బొట్టు కాదు బిడ్డా, టార్క్ సీల్ అంటరు. నట్టు జర్ర కదిలినా గీత తెగుతది. వదులైందని మనకు ఎర్కైతది."

"మరి నువ్వు పొద్దుందాక డ్యూటీల ఉంటవ్ గదా. నన్ను మర్శిపోలేదని నాకెట్ల ఎర్కైతది?"

నాన్న సంచిలోంచి రంగు ట్యూబు తీశాడు. తన బొటనవేలికి నా బొటనవేలు ఆనించి, రెండింటి మీదుగా ఒకే గీత గీశాడు.

సాయంత్రం గుమ్మంలోనే వేళ్లు కలిపి చూసుకున్నాం. గీత సరిగ్గా కలిసింది.

"సూసినవా, ఏం వదులు కాలే" అన్నాడు.

మొన్న ఆ తడి గీతను ముట్టుకుంటే నా వేలికంటిన రంగు, మెకానిక్ ఇచ్చిన పెట్రోలు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయింది. నాన్న రోజంతా గ్రీజు చేతులు తుడుచుకునేది అలాంటి గుడ్డలతోనే. ఆ రోజు ఆ ఒక్క వేలిని ఎట్లా కాపాడుకున్నాడో!